పన్నెండు గోత్రాలు, ఒక్క పటంలో ఇమడని సరిహద్దులు

బైబిలు ప్రతుల చివర అచ్చువేసే రంగుల పటాల్లో కనాను దేశం ఇశ్రాయేలు గోత్రాల మధ్య చక్కగా పంచిపెట్టిన భూమిలా కనిపిస్తుంది. ఉత్తరాన నఫ్తాలి, ఆషేరు, నడుమ మనష్షే, ఎఫ్రాయిము, దక్షిణాన యూదా, యొర్దాను నదికి తూర్పున రూబేను, గాదు, మనష్షే అర్ధగోత్రం. ఆ పటం చూసి గ్రంథం తెరిచినవారికి మాత్రం చిక్కులు వరుసగా ఎదురవుతాయి. దాను గోత్రం రెండుచోట్ల ఉంటుంది. షిమ్యోనుకు సొంత సరిహద్దే ఉండదు. యెరూషలేము ఒక అధ్యాయంలో యూదాకు, మరో అధ్యాయంలో బెన్యామీనుకు చెందుతుంది. లెక్కపెడితే పేర్లు పదమూడు తేలతాయి. లేఖకుల అజాగ్రత్త మీదకు ఈ దోషాన్ని నెట్టేయడం తేలికే గాని, అసలు కారణం వేరే ఉంది. కొన్ని వందల ఏళ్లలో, వేర్వేరు అవసరాల కోసం తయారైన జాబితాలు, సరిహద్దు పత్రాలు, యుద్ధగీతాలు, వంశావళులు ఒకే సంపుటిలో పక్కపక్కన చేరాయి. పటం గీసినవారు వాటన్నిటినీ ఒకే రోజున రాసినట్టుగా ఒక కాగితం మీదికి దించారు. వాటిని మళ్లీ విడదీసి చదివితే, గోత్రం ఏర్పడటంలో రక్తసంబంధం పాత్ర ఎంతో, ఒకే నేల మీద కలిసి బతకడం పాత్ర కూడా అంతే అని బోధపడుతుంది.

ముందుగా లెక్క సంగతి. ఆదికాండము ప్రకారం యాకోబుకు నలుగురు స్త్రీల వల్ల పన్నెండుగురు కుమారులు. లేయాకు రూబేను, షిమ్యోను, లేవి, యూదా, ఇశ్శాఖారు, జెబూలూను. రాహేలుకు యోసేపు, బెన్యామీను. రాహేలు దాసి బిల్హాకు దాను, నఫ్తాలి. లేయా దాసి జిల్పాకు గాదు, ఆషేరు. ఈ కుటుంబ వృక్షాన్ని దేశపటం మీద పరిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. రాహేలు సంతానం మధ్య కొండసీమలో, దేశానికి గుండెకాయ లాంటి చోట ఉంది. దాసీల సంతానమంతా అంచులలో ఉంది: నఫ్తాలి, ఆషేరు, వలసపోయిన దాను ఉత్తరపు కొసన, గాదు నదికి ఆవల. తల్లుల హోదాలో గోత్రాల హోదా దాగి ఉందని, వంశావళి రూపంలో చెప్పిన రాజకీయ భూగోళమే ఇదని పలువురు పండితులు భావిస్తారు. ఆ వాదన నాకు సబబుగానే తోస్తుంది.

భూమి పంపకం దగ్గరకు వచ్చేసరికి ఈ పన్నెండు పేర్ల జాబితా మారిపోతుంది. లేవీయులు యాజక సేవకు నియమితులు కనుక వారికి ప్రత్యేక ప్రాంతం లేదు. ఇతర గోత్రాల భూముల్లో చెదురుగా 48 పట్టణాలు, వాటి చుట్టూ పచ్చిక బయళ్లు ఇచ్చినట్టు యెహోషువ గ్రంథం చెబుతుంది. అలా ఖాళీ అయిన స్థానాన్ని నింపడానికి యోసేపు వాటా రెండుగా చీలింది. యాకోబు తన మరణానికి ముందు యోసేపు కుమారులైన ఎఫ్రాయిమును, మనష్షేను తన సొంత కుమారులుగా స్వీకరించాడన్న కథ ఈ ఏర్పాటుకు ఆధారం. అందువల్ల వంశంగా లెక్కిస్తే లేవితో, యోసేపుతో కలిపి పన్నెండు; భూమిగా లెక్కిస్తే లేవి లేకుండా, ఎఫ్రాయిము మనష్షేలతో కలిపి పన్నెండు. ఈ రెండు పద్ధతులకూ లొంగని జాబితాలు కూడా ఉన్నాయి. ద్వితీయోపదేశకాండములో మోషే దీవెనలలో షిమ్యోను పేరు లేదు. కొత్త నిబంధనలోని ప్రకటన గ్రంథంలో దాను పేరు తొలగి, మనష్షే పక్కనే యోసేపు పేరు కూడా వస్తుంది. పేర్లు మారుతున్నా పన్నెండు అన్న సంఖ్యను మాత్రం ఎవరూ వదులుకోలేదు. ఇశ్రాయేలుకే కాదు, ఇష్మాయేలుకూ నాహోరుకూ కూడా ఆదికాండము పన్నెండుగురేసి కుమారులను చెబుతుంది. ఒక ఉమ్మడి ఆలయాన్ని వంతుల వారీగా పోషించడానికి పన్నెండు గోత్రాలు సమాఖ్యగా ఏర్పడ్డాయని జర్మన్ పండితుడు మార్టిన్ నోత్ 1930లో ప్రతిపాదించాడు. ప్రాచీన గ్రీకు సమాఖ్యల నమూనాపై కట్టిన ఆ సిద్ధాంతం కొన్ని దశాబ్దాలు ఏలి, రాజులకు ముందటి న్యాయాధిపతుల కాలంలో అటువంటి ఏకైక కేంద్రాలయం ఉన్నట్టు రుజువు లేకపోవడంతో నీరుగారిపోయింది.

పన్నెండు కన్నా పాత లెక్క ఒకటి దెబోరా కీర్తనలో మిగిలి ఉంది. న్యాయాధిపతుల గ్రంథం అయిదో అధ్యాయంలోని ఈ పాటను భాషను బట్టి హీబ్రూ బైబిలులోని అతి ప్రాచీన భాగాలలో ఒకటిగా చాలామంది పరిగణిస్తారు. కీషోను వాగు దగ్గర కనాను సేనాని సీసెరా రథాలను ఎదిరించడానికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో పాట పేరుపేరునా చెబుతుంది. ఎఫ్రాయిము, బెన్యామీను, మాకీరు, జెబూలూను, ఇశ్శాఖారు, నఫ్తాలి వచ్చారు. రూబేను గొర్రెల దొడ్ల మధ్య పిల్లనగ్రోవి వింటూ ఆలోచనలో పడ్డాడు. గిలాదు నది దాటలేదు. దాను ఓడల దగ్గర ఆగిపోయాడు. ఆషేరు సముద్రతీరాన కూర్చున్నాడు. మొత్తం పది పేర్లు. మనష్షే ఉండవలసిన చోట అతని కుమారుడు మాకీరు ఉన్నాడు. గాదు ఉండవలసిన చోట గిలాదు అన్న ప్రాంతం పేరే ఉంది. యూదా, షిమ్యోను, లేవి ప్రస్తావనే లేదు. రానివారిని ఇంతగా ఎత్తిపొడిచిన పాట యూదాను మాటవరసకైనా నిందించలేదంటే, పాట కట్టిన నాటికి యూదా ఈ కూటమిలో లెక్కకు రాలేదనే అనుకోవాలి.

పురావస్తు సాక్ష్యం కూడా ఇదే వైపు మొగ్గుతుంది. ఈజిప్టు రాజు మెర్నెప్తా సుమారు క్రీ.పూ. 1208లో చెక్కించిన విజయశాసనంలో ఇశ్రాయేలు పేరు మొదటిసారి బైబిలుకు బయటి రాతలో కనిపిస్తుంది. 1896లో తేబెసులో దొరికిన ఆ రాతిపలక మీద పక్కనున్న నగరాల పేర్లకు దేశాన్ని సూచించే గుర్తు ఉండగా, ఇశ్రాయేలు పేరుకు మాత్రం జనసమూహాన్ని సూచించే గుర్తు ఉంది. ఆ తర్వాతి రెండు శతాబ్దాలలో, అంతకుముందు దాదాపు నిర్జనంగా ఉన్న మధ్య కొండసీమలో వందలాది చిన్న పల్లెలు పుట్టుకొచ్చాయి. కొండవాలు మీద మెట్లుగా చెక్కిన పొలాలు, వాననీటి తొట్లు, స్తంభాల ఇళ్లు, పెద్ద నిలవ జాడీలు వాటి ఆనవాళ్లు. ఈ పల్లెలు మనష్షే, ఎఫ్రాయిము ప్రాంతాలలో దట్టంగా, యూదా కొండల్లో బాగా పలచగా ఉన్నట్టు 1967 తర్వాతి సర్వేలలో తేలింది. దెబోరా కీర్తన యూదాను ఎందుకు తలవలేదో ఆ పల్లెల పంపిణీ చూస్తే ఊహించవచ్చు.

ఇక సరిహద్దులు. యెహోషువ గ్రంథం 13 నుంచి 19 వరకు అధ్యాయాలు చదవడానికి విసుగు పుట్టించే మాట నిజమే గాని, గోత్రాల చరిత్రకు ఇంతకన్నా విలువైన సామగ్రి లేదు. ఫలానా వాగు దాకా, అక్కడి నుంచి ఫలానా ఊట మీదుగా, ఫలానా కొండ భుజం వరకు అని సాగే ఆ భాష పాత రెవెన్యూ దస్తావేజుల్లో పొలం హద్దులు చదివినవారికి కొత్తగా అనిపించదు. అయితే అన్ని గోత్రాల వివరం ఒక తీరుగా లేదు. యూదాకు నలుదిక్కుల సరిహద్దూ, దానికి తోడు జిల్లాల వారీగా వందకు పైగా ఊళ్ల పేర్లూ ఉన్నాయి. ఎఫ్రాయిముకు, మనష్షేకు సరిహద్దులున్నాయి, ఊళ్ల జాబితా లేదు. ఇశ్శాఖారుకు ఊళ్లున్నాయి, సరిహద్దు నామమాత్రం. షిమ్యోనుకు ఇచ్చిన బెయేర్షెబా, సిక్లగు వంటి ఊళ్లన్నీ యూదా వాటాలోనివే. యూదాకు భూమి ఎక్కువైంది కనుక అందులోనే షిమ్యోనుకు చోటిచ్చారని గ్రంథమే చెబుతుంది. యూదా ఊళ్ల జాబితా ఏదో ఒక యూదా రాజు కాలంలో పన్నుల కోసమో పాలన కోసమో తయారు చేసినదని 1925లో జర్మన్ పండితుడు ఆల్బ్రెక్ట్ ఆల్ట్ వాదించాడు. ఆయన ఆ రాజు యోషీయా అన్నాడు. తర్వాతివారు ఇంకా వెనక్కి వెళ్లారు. అది పాలనా పత్రమన్న మూలభావన మాత్రం నిలబడింది. షిలోహులో చీట్లు వేసి పంచారన్న కథ వెనుక గుమాస్తాల దస్తావేజులు ఉన్నాయన్నమాట.

ఎఫ్రాయిము, మనష్షేల మధ్య హద్దు ఎంత సూక్ష్మంగా ఉందో చూడండి. తప్పూయ ఊరి చుట్టూ ఉన్న పొలాలు మనష్షేవి, తప్పూయ ఊరు మాత్రం ఎఫ్రాయిముది. కానా వాగు హద్దు. కానీ వాగుకు దక్షిణాన మనష్షే ఊళ్ల నడుమ ఎఫ్రాయిము ఊళ్లు కొన్ని ఉన్నాయి. మనష్షేకు కూడా ఇశ్శాఖారు, ఆషేరుల భూముల్లో బేత్షెయాను, మెగిద్దో వంటి పట్టణాలు రాసి ఉన్నాయి, అయితే అక్కడి కనానీయులను వెళ్లగొట్టలేకపోయారని వెంటనే ఒప్పుకుంటుంది గ్రంథం. లోయలో ఉన్నవారికి ఇనుప రథాలున్నాయన్న ఫిర్యాదు, అడవి నరికి కొండ మీదే చోటు చేసుకోండన్న యెహోషువ జవాబు ఆ సందర్భంలోనివే. పటం మీద రంగు నింపిన చోటల్లా ఆ గోత్రం కాపురం చేసిందని అనుకోకూడదు. న్యాయాధిపతుల గ్రంథం మొదటి అధ్యాయం దాదాపు స్వాధీనం చేసుకోలేకపోయిన ఊళ్ల జాబితాయే: గెజెరు, తానాకు, దోరు, అక్కో, సీదోను.

యెరూషలేము విషయం మరింత ఆసక్తికరం. యూదా ఉత్తర సరిహద్దు ఏన్‌రోగేలు ఊట నుంచి హిన్నోము లోయ గుండా, నగరంలో అప్పటికే కాపురమున్న యెబూసీయుల కొండకు దక్షిణపు వాలు పక్కగా సాగుతుంది. ఆ గీత ప్రకారం నగరం గీతకు ఉత్తరాన, అంటే బెన్యామీనులో పడుతుంది. బెన్యామీను ఊళ్ల జాబితాలో దాని పేరు ఉంది కూడా. అయితే యెబూసీయులను యూదావారు వెళ్లగొట్టలేకపోయారని యెహోషువ గ్రంథం అంటే, బెన్యామీనీయులు వెళ్లగొట్టలేకపోయారని న్యాయాధిపతుల గ్రంథం అదే వాక్యాన్ని పేరు మార్చి చెబుతుంది. దావీదు తన మనుషులతో ఆ కోటను పట్టుకుని దానికి తన పేరే పెట్టుకున్నాడు. ఏ గోత్రానిదీ కాని నగరమే గోత్రాలన్నిటికీ రాజధానిగా పనికివచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

దాను గోత్రం కథలో వలస బాహాటంగానే ఉంది. వారి మొదటి వాటా యూదాకు, ఎఫ్రాయిముకు పడమటగా జొర్యా, ఎష్తాయోలు ఊళ్ల నుంచి యాపో రేవు వైపు సాగే పల్లపు నేల. అమోరీయులు వారిని కొండల్లోకి తరిమారు. ఫిలిష్తీయుల ఒత్తిడి తెలుసుకోవడానికి సమ్సోను కథలు చాలు. చివరికి అయిదుగురు వేగులు ఉత్తరానికి వెళ్లి, సీదోనుకు దూరంగా నిశ్చింతగా బతుకుతున్న లాయిషు అనే ఊరిని చూసి వచ్చారు. ఆరువందల మంది ఆయుధాలతో బయలుదేరి, దారిలో ఎఫ్రాయిము కొండల్లో మీకా అనే గృహస్థు ఇంటి నుంచి విగ్రహాన్నీ, దానికి పూజ చేసే లేవీయుణ్నీ తమ వెంట తీసుకుపోయారు. అడ్డం వచ్చిన మీకాను, కోపిష్టులు మీద పడతారు జాగ్రత్త అని బెదిరించారు. లాయిషును కాల్చి, మళ్లీ కట్టి, తమ పేరు పెట్టుకున్నారు. తమ సొంత గోత్రం గురించి ఇంత కరకుగా రాసుకున్న ప్రాచీన కథనాలు అరుదు. వారు వదిలేసిన జొర్యా, ఎష్తాయోలు యూదా జాబితాలోనూ కనిపిస్తాయి. యొర్దాను ఊటల దగ్గరి తెల్ దాను దిబ్బను 1966 నుంచి అవ్రహాం బిరాన్ తవ్వించాడు. 1993లో అక్కడే దొరికిన అరామిక్ శాసనంలో దావీదు వంశం పేరు ఉంది.

నదికి తూర్పున చిత్రం వేరు. పశువుల మందలున్న రూబేను, గాదు గోత్రాలు అక్కడి పచ్చికను చూసి అక్కడే ఉంటామని అడిగి తీసుకున్నాయి. మోయాబు రాజు మేషా సుమారు క్రీ.పూ. 840లో వేయించిన శాసనం 1868లో దీబోనులో వెలుగు చూసింది. గాదువారు అనాదిగా అతారోతు ప్రాంతంలో నివసించారని, ఆ ఊరిని తాను పట్టుకుని అక్కడివారిని చంపానని అందులో మేషా చెప్పుకున్నాడు. ఇశ్రాయేలు గోత్రం ఒకదానికి శత్రురాజు ఇచ్చిన ఈ సాక్ష్యం అమూల్యం. అదే సీమలో ఉండవలసిన రూబేను పేరు శాసనంలో లేదు. దీబోనును కట్టినది గాదువారని సంఖ్యాకాండము, అది రూబేను వాటా అని యెహోషువ గ్రంథం చెబుతున్నాయి. జ్యేష్ఠ కుమారుడిగా జాబితాల్లో మొదట నిలిచిన గోత్రం అందరికన్నా ముందే కరిగిపోయింది. రూబేను చావక బతుకునుగాక అని ద్వితీయోపదేశకాండములోని దీవెన కోరుకోవడంలోనే ఆ భయం ధ్వనిస్తుంది.

జనం కరిగినట్టే కలవడం కూడా జరిగింది. హెబ్రోనును పొందిన కాలేబును గ్రంథం కెనెజీయుడంటుంది. ఆదికాండము ప్రకారం కెనజు ఏశావు సంతతి, అంటే ఎదోము వైపు పేరు. అయినా కాలేబు యూదా నాయకుడయ్యాడు, దినవృత్తాంతముల గ్రంథం నాటికి యూదా వంశావళిలోనే చోటు సంపాదించాడు. పొరుగున స్థిరపడినవారు రెండుమూడు తరాల్లో పినతండ్రి బిడ్డలైపోవడం వంశావళులకు అలవాటైన పని.

గోత్రం, భూమి ఎలా పెనవేసుకున్నాయో అన్నిటికన్నా స్పష్టంగా చూపేది మనష్షే కథ. హెపెరు కొడుకు సెలోపెహాదుకు మగబిడ్డలు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అయిదుగురు కుమార్తెలు మోషే ఎదుట నిలబడి, తండ్రి పేరు ఎందుకు చెరిగిపోవాలని ప్రశ్నించి వాటా సాధించారు. అయితే ఆ భూమి వేరే గోత్రానికి పోకుండా సొంత గోత్రంలోనే పెళ్లాడాలన్న షరతు వచ్చింది, వారు తండ్రి సోదరుల కుమారులను పెళ్లాడారు. గోత్రం ఒకటైతే పెళ్లి కుదరదనే నియమంలో పెరిగిన తెలుగు పాఠకులు ఇక్కడ ఉలిక్కిపడటం సహజం. వారి గోత్రానికి మొదటి చింత భూమి, మన గోత్రానికి మొదటి చింత వివాహం. మనష్షే వాటాలు పదయ్యాయని యెహోషువ గ్రంథం అంటుంది: అయిదు మగవారి పేర, అయిదు ఈ అక్కచెల్లెళ్ల పేర.

ఇది ఆస్తిహక్కు గురించిన నీతికథ అని అనుకుంటూ ఉండగా, 1910లో హార్వర్డు బృందం ఉత్తర ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోను (సమరియ) రాజప్రాసాదంలో సిరాతో రాసిన కుండపెంకులను వెలికితీసింది. అవి క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దపు సరుకు చీటీలు. ఏ సంవత్సరం, ఏ ప్రాంతం నుంచి, ఎవరి పేర, పాత ద్రాక్షారసమా శుద్ధి చేసిన నూనెనా, ఇంతే వాటిలో ఉంటుంది. ఆ ప్రాంతాల పేర్లు అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా, నోయా, హొగ్లా. బైబిలు చెప్పిన పది వాటాలలో ఏడు, వాటిలో ఇద్దరు ఆడపడుచుల పేర్లతో సహా, షోమ్రోను చుట్టుపక్కల పల్లెసీమల పేర్లుగా రాజు లెక్కల్లో ఉన్నాయి. తిర్సా అయితే షోమ్రోనుకు ముందు ఉత్తర రాజ్యపు రాజధాని. మనష్షే కుటుంబ వృక్షం మనష్షే దేశపటమే అనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం కష్టం. అక్కచెల్లెళ్ల కథ ముందో, ఊళ్ల పేర్లు ముందో నిర్ణయించడం సాధ్యం కాదు గాని, రాజ్యం ఏర్పడి రెండు వందల ఏళ్లు గడిచాక కూడా తెగల వారీ విభజన పన్నుల దస్త్రాల్లో సజీవంగా ఉందని ఈ పెంకులు నిరూపిస్తున్నాయి.

సొలొమోను తన ఇంటి భోజనానికి నెలకొకటి వంతున పన్నెండు మండలాలను ఏర్పరచినప్పుడు కొన్నిటికి గోత్రాల పేర్లు, కొన్నిటికి పట్టణాల పేర్లు వాడాడు. అతని తర్వాత, సుమారు క్రీ.పూ. 930లో రాజ్యం ఉత్తరాన ఇశ్రాయేలుగా, దక్షిణాన యూదాగా చీలింది. ప్రవక్త అహీయా కొత్త వస్త్రాన్ని పన్నెండు ముక్కలు చేసి ఉత్తరాన రాజు కాబోయే యరొబాముకు పది ఇచ్చి, దావీదు వంశానికి ఒక గోత్రం మిగులుతుందన్నాడు. పదీ ఒకటీ పదకొండే. రాజుల గ్రంథం పన్నెండో అధ్యాయంలో ఒక వాక్యం యూదా గోత్రం తప్ప మరెవరూ దావీదు వంశాన్ని అనుసరించలేదంటే, వెంటనే తర్వాతి వాక్యం యూదాతో పాటు బెన్యామీనును చేరుస్తుంది. ఈ తడబాటుకు నేల మీద కారణం ఉంది. ఉత్తర దక్షిణాలుగా బెన్యామీను వెడల్పు కొద్ది మైళ్లే, రెండు రాజ్యాల నడుమ నలిగిన సీమ. బెన్యామీను జాబితాలో ఉన్న బేతేలు ఉత్తర రాజ్యపు ఆలయ పట్టణం; యెరికో కూడా ఉత్తర రాజు అహాబు కాలంలో ఉత్తరానిదే.

క్రీ.పూ. 732 నాటికి అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరు గలిలయను, గిలాదును ఊడ్చేశాడు. పదేళ్లకు షోమ్రోను కూలింది. అక్కడి నుంచి 27,290 మందిని తరలించానని అష్షూరు రాజు సర్గోను తన శాసనంలో రాయించుకున్నాడు. హాలహు, గోజాను నది హాబోరు, మాదీయుల పట్టణాలు వారి గమ్యాలని రాజుల గ్రంథం చెబుతుంది. తప్పిపోయిన పది గోత్రాల గాథకు ఇదే మూలం. అయితే ఆ సంఖ్య ఒక రాజ్యపు మొత్తం జనాభా కాజాలదు. చాలామంది అక్కడే ఉండిపోయారు, కొందరు దక్షిణానికి వచ్చారు. అదే కాలంలో యెరూషలేము పడమటి కొండ మీదికి విస్తరించి, దాని చుట్టూ సుమారు ఏడు మీటర్ల మందం గల గోడ లేచింది. యూదా రాజు హిజ్కియా పస్కా పండుగకు ఆషేరు, మనష్షే, జెబూలూనుల నుంచి కొందరు వచ్చారని దినవృత్తాంతములు, దేవాలయంలోని అన్న అనే ప్రవక్త్రి ఆషేరు గోత్రికురాలని లూకా సువార్త చెబుతున్నాయి. తర్వాతి బబులోను చెర కాలంలో ప్రవక్త యెహెజ్కేలు గీసిన భావి పటంలో అన్ని గోత్రాలూ తూర్పు నుంచి పడమరకు సమానమైన పట్టీలుగా తిరిగి వస్తాయి, వాగులూ కొండలూ అడ్డు రాని తిన్నని గీతలతో.

తప్పిపోయినవారిని వెతికే ఉత్సాహం ఆఫ్ఘనిస్తాన్ నుంచి ఇథియోపియా దాకా పాకింది, అందులో మన దేశపు అధ్యాయమూ ఉంది. మణిపూర్, మిజోరంలలోని బ్నేయి మెనాషే సమూహం మనష్షే సంతతిగా చెప్పుకుంటుంది. ఇజ్రాయెల్ అప్పటి ప్రధాన రబ్బీలలో ఒకరైన ష్లొమో అమార్ 2005లో వారిని ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు, అయినా లాంఛనంగా యూదు మతస్వీకారం చేయాలన్న నిబంధన ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమూహం ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకుంటూ సొంత ప్రార్థనాలయం నడుపుకుంటోంది. మాదిగ సామాజిక నేపథ్యం, క్రైస్తవ గతం ఉన్న ఈ కుటుంబాలు 1980ల చివరి నుంచి యూదు ఆచారాలను బహిరంగంగా పాటించసాగాయి. అష్షూరు చెర నుంచి కృష్ణా తీరం దాకా సాగిన ప్రయాణానికి శాసనమో పత్రమో చూపమంటే చూపడం కష్టమే. కానీ వంశావళిలో చోటు దొరకడానికి కాలేబుకు కావలసి వచ్చినది హెబ్రోనులో కాపురమే తప్ప పత్రం కాదు.